‘ఒక్కటి రుచి చూడండి’ అనే పార్ట్‌టైమ్ పని: ఎలా చేరాలి, ఎలా చేయాలి

సూపర్‌మార్కెట్‌లో చిన్న టేబుల్ వేసుకుని, ఏప్రాన్ కట్టుకుని, బుల్లి కప్పుల్లో ఏదో ఒకటి పెట్టి వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ నిలబడేవాళ్ళని చూసే ఉంటారు. ఆ పని నేను వీకెండ్స్‌లో రెండేళ్ళకి పైగా చేశాను. చేరేముందు నాకూ అనిపించింది, ఇందులో నేర్చుకోవడానికి ఏముందిలే, ముక్కలు కోయడం, పంచడం, ఇంటికెళ్ళడం అని. మొదటి రోజు నా ట్రే ఎన్నిసార్లు నింపినా ఖాళీ అయిపోతూనే ఉంది, నేను తెగ సంబరపడిపోయా, తీరా సాయంత్రం షెల్ఫ్ దగ్గరికెళ్ళి లెక్కపెడితే పొద్దున ఉన్న ప్యాకెట్లలో నాలుగంటే నాలుగే తగ్గాయి. సూపర్‌వైజర్ ఏమీ అనలేదు, ఆ అంకె వైపు ఒకసారి చూసి పెన్నుకి మూత పెట్టుకున్నాడు. ఆ మూత చప్పుడుకి నాకు విషయం తెలిసొచ్చింది. ఫ్రీగా పంచమంటే ఎవరైనా పంచుతారు, తిన్న మనిషి చెయ్యి షెల్ఫ్ దాకా వెళ్ళిందా లేదా అన్నదానికే మనకి డబ్బులిస్తున్నారు.

కాబట్టి ఇకమీద చెప్పేదంతా ఆ ట్రేకీ షెల్ఫ్‌కీ మధ్య జరిగే కథే అనుకోండి.

చేరేటప్పుడు ఏం అడగాలి

ఈ పనికి మనుషుల్ని స్టోర్ వాళ్ళే నేరుగా పెట్టుకోవచ్చు, ఆ వస్తువు తయారుచేసే కంపెనీ పెట్టుకోవచ్చు, లేదంటే మధ్యలో ఒక ఏజెన్సీ ఉండి పంపొచ్చు. నాకు దొరికినవన్నీ ఏజెన్సీవే. ప్రమోటర్ అంటారు, డెమో స్టాఫ్ అంటారు, బ్రాండ్ అంబాసిడర్ అని గొప్పగా కూడా అంటారు, పేరేదైనా టేబుల్ వెనకాల ఆరేడు గంటలు నిలబడేది మనమే. చదువు గురించి పెద్దగా అడగరు, చలాకీగా మాట్లాడతారా, శని ఆదివారాలు ఖాళీయేనా అని చూస్తారు. కొన్నిచోట్ల ఫుడ్ ముట్టుకునే ఎవరికైనా చిన్న ట్రైనింగూ సర్టిఫికెట్టూ తప్పనిసరి, అది ఎవరి ఖర్చుతో చేయించుకోవాలో ముందే అడగండి.

అసలు అడగాల్సినవి ఇంకా ఉన్నాయి, మొహమాటపడి వదిలేస్తే తర్వాత మనమే ఏడవాలి. డబ్బులు గంటకా రోజుకా, ఎన్ని రోజులకి చేతికొస్తాయి, టేబుల్ సర్దుకునే టైమూ చివర్లో కడిగే టైమూ లెక్కలోకి వస్తాయా రావా, రానుపోను ఖర్చు ఎవరిది, పొద్దున్నే ఫోన్ చేసి ఈరోజు క్యాన్సిల్ అంటే ఏమైనా ఇస్తారా, శాంపిల్ కోసం ప్యాకెట్లు ఎవరు కొనాలి. ఈ ఆఖరిది ముఖ్యం, ఎందుకంటే కొందరు ‘ముందు మీ డబ్బులతో కొనండి, బిల్లు పంపితే ఇచ్చేస్తాం’ అంటారు, అప్పుడు ఆ బిల్లు పోతే మన డబ్బులు గోవిందా. వీటన్నిటికీ జవాబులు నోటిమాటగా కాకుండా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో తీసుకోండి. నాకొకసారి ఒక ఏజెన్సీ మూడు వీకెండ్ల డబ్బులు నెలల తరబడి ఆపేసింది, కారణం ఏంటంటే నా రిపోర్ట్ షీట్ మీద స్టోర్ మేనేజర్ సంతకం లేదట. సంతకం కావాలని చేర్చుకునేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు. ఆ తర్వాత నుంచి సంతకం పెట్టించుకోవడం, అక్కడికక్కడే దాన్ని ఫోటో తీసుకోవడం, ఈ రెండూ చేయకుండా ఏ స్టోర్ గడపా దాటలేదు.

ముందు రోజు

స్టోర్‌కి ఫోన్ చేసి స్టాక్ ఉందా అని కనుక్కోండి. ఇది నవ్వులాటగా అనిపించొచ్చు గానీ, సరుకే లేని స్టోర్‌లో ఆ సరుకు రుచి చూపించడానికి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు, నేనూ ఉన్నాను. ఫోన్ ఎత్తినవాళ్ళు ‘ఆ ఉంది ఉంది’ అంటే ఆగిపోకండి, ‘షెల్ఫ్ మీద ఎన్ని ఉన్నాయి, గోడౌన్‌లో ఎన్ని ఉన్నాయి’ అని అడగండి, అప్పుడు లేచి వెళ్ళి చూస్తారు.

బ్యాగ్‌లో కత్తెర, టేప్, మార్కర్, రెండు పెన్నులు, టిష్యూలు, టూత్‌పిక్‌లు, చెత్త కవర్లు, తుడిచే గుడ్డలు నాలుగైదు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఇంకో జత సాక్సులు. ‘అన్నీ అక్కడే ఉంటాయి’ అని ఏజెన్సీ చెప్తుంది, నమ్మకండి, కత్తెర ఒక్కటి లేక బేకరీ సెక్షన్‌లో అడుక్కుంటూ పావుగంట తిరిగిన రోజులున్నాయి. బూట్ల విషయంలో మాత్రం పీనాసితనం చేయొద్దు, మెత్తటి అడుగు ఉన్నవి, జారనివి, కొంచెం వాడినవి వేసుకోండి, కొత్త బూట్లు వేసుకుని మొదటి షిఫ్ట్‌కి వెళ్తే మధ్యాహ్నానికే మడమలు బొబ్బలెక్కుతాయి.

విరేచనాలో వాంతులో ఉంటే మాత్రం వెళ్ళకండి. తగ్గిపోయాక కూడా 48 గంటలు ఆగాలి. ఒకరోజు డబ్బులు పోతాయని మందు వేసుకుని వెళ్ళి నిలబడితే, మన చేత్తో అందించినవి ఎంతమంది తింటారో లెక్క కూడా ఉండదు.

టేబుల్ ఎక్కడ, లెక్క ఎప్పుడు

అరగంట ముందు వెళ్ళండి. మేనేజర్‌ని కలిసి పేరు చెప్పి టేబుల్ ఎక్కడ వేయమంటారో అడగండి, అడిగేటప్పుడే మన వస్తువు ఉన్న షెల్ఫ్ పక్కనే ఇవ్వమని కోరండి. డోర్ దగ్గర వేస్తే బాగుంటుందని కొత్తవాళ్ళకి అనిపిస్తుంది, నేనూ అలాగే అనుకున్నా, కానీ లోపలికి వచ్చేవాడు ట్రాలీ లాక్కుంటూ లిస్టు వెతుక్కుంటూ ఉంటాడు, తిన్నా బుర్రకెక్కదు, పైగా షెల్ఫ్ ఆ చివరెక్కడో ఉంటుంది, అక్కడికి వెళ్ళేసరికి మనల్ని మర్చిపోతాడు. షెల్ఫ్ పక్కన కుదరకపోతే కనీసం పది పదిహేను ప్యాకెట్లు తెచ్చి టేబుల్ మీదే పేర్చుకోండి, చెయ్యి చాపితే అందేలా. దారికి అడ్డం కాకుండా రెండు ట్రాలీలు ఎదురెదురుగా పోయేంత జాగా వదలండి, ఎక్స్‌టెన్షన్ వైరు నేల మీద పడుంటే టేప్ వేయండి.

డస్ట్‌బిన్ ఒకటి టేబుల్ పక్కన, ఇంకోటి ఏడెనిమిది అడుగులు ముందుకి పెట్టండి. జనం తింటూ నడుస్తారు కదా, కప్పు ఖాళీ అయ్యేది అక్కడే. రెండో డస్ట్‌బిన్ లేకపోతే ఆ కప్పులన్నీ షెల్ఫుల్లో సరుకుల మధ్య తేలతాయి, సాయంత్రం స్టోర్ వాళ్ళ తిట్లు మనకి.

ఇక లెక్క. ఒక్క శాంపిల్ కూడా ఇవ్వకముందే షెల్ఫ్ మీదవి, టేబుల్ మీదవి, గోడౌన్‌లోవి విడివిడిగా లెక్కపెట్టి రాసుకోండి, అది ఓపెనింగ్ స్టాక్. శాంపిల్ కోసం చింపిన ప్రతి ప్యాకెట్‌కీ వేరే గీత గీయండి, ఆ ఖాళీ ప్యాకెట్లు పారేయకుండా ఒక కవర్లో దాచండి, చాలాచోట్ల చివర్లో వాటి బార్‌కోడ్ కొట్టి శాంపిల్ కింద రాసుకుంటారు. మధ్యలో కొత్త స్టాక్ వచ్చి షెల్ఫ్ నింపితే అదీ రాసుకోవాలి, లేకపోతే సాయంత్రం లెక్క చూస్తే పొద్దున్నకంటే ఎక్కువ ప్యాకెట్లు తేలి, అమ్మకం మైనస్‌లో వస్తుంది. నవ్వకండి, నాకు వచ్చింది.

శుభ్రం, వేడి, చల్లదనం

ఇక్కడ మాత్రం కొంచెం ఓపిగ్గా చదవండి, మిగతావన్నీ తప్పులు చేసి నేర్చుకోవచ్చు గానీ ఇవి కాదు.

చేతులు సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్ది కడగాలి. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని ధీమా వద్దు, గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకుని, అదే చేత్తో జుట్టు సర్దుకుని, మళ్ళీ ముక్కలు కోస్తే ఇక గ్లవ్స్ ఎందుకు. డబ్బు, ఫోన్, డస్ట్‌బిన్ మూత, మొహం, వీటిలో ఏది ముట్టుకున్నా పాతవి తీసి చేతులు కడిగి కొత్తవి వేసుకోవాలి. ఫోన్ నేనైతే బ్యాగ్‌లో పడేసి జిప్ వేసేదాన్ని, లేకపోతే చెయ్యి అటే పోతుంది, మీరూ కనబడకుండా దాచేయండి.

చల్లగా ఉండాల్సినవి 5 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో, వేడిగా ఉండాల్సినవి 60 డిగ్రీలకి పైన ఉంచాలి, ఆ రెండిటి మధ్యలోనే సూక్ష్మజీవులు గబగబా పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన ఐదు సూత్రాల పోస్టర్‌లో కూడా ఇదే ఉంటుంది, వండినది గది వేడిలో 2 గంటలకి మించి ఉంచొద్దని కూడా అందులోనే ఉంటుంది. మన పనిలో దీనర్థం ఏంటంటే ఒకేసారి యాభై కప్పులు పేర్చి పెట్టుకోకూడదు. చూడ్డానికి బాగుంటుంది, నిజమే, కానీ జనం రాకపోతే ఆ యాభైలో చివరివి ఎంతసేపటినుంచి ఉన్నాయో మనకే తెలియదు. నేను పదీ పన్నెండు కప్పులే బయట పెట్టి, మిగతాది ఐస్ బాక్స్‌లోనో ఫ్రిజ్‌లోనో ఉంచేదాన్ని, ప్రతి బ్యాచ్ బయటకి తీసిన టైమ్ టేప్ ముక్క మీద రాసి ట్రే కింద అంటించేదాన్ని. టైమ్ దాటినవి పారేయడమే. ‘అయ్యో వేస్ట్’ అని మనం తినేయడం కూడా కాదు.

ఒకే గిన్నెలో పోసి జనాన్ని చెయ్యి పెట్టనివ్వొద్దు. ఒక మనిషికి ఒక కప్పు, లేదా ఒక టూత్‌పిక్‌కి ఒక ముక్క. వాడిన టూత్‌పిక్‌తోనే రెండో ముక్క గుచ్చేవాళ్ళు ప్రతి షిఫ్ట్‌లోనూ ఇద్దరైనా తగులుతారు, అందుకే ట్రేని టేబుల్ మీద వదిలేయకుండా మన చేతిలో పట్టుకుని మనమే అందించడం మేలు. సూప్, సాస్ లాంటివి మైక్రోవేవ్‌లోంచి తీయగానే ఇవ్వకండి, పైన గోరువెచ్చగా ఉండి లోపల మండిపోతూ ఉంటుంది, బాగా కలిపి ఒక నిమిషం ఆగండి.

అలర్జీ సంగతి

ఇది నాకు జరిగిన విషయమే చెప్తాను. బిస్కెట్లు, రెండు ఫ్లేవర్లు. మొదటి దాని ప్యాకెట్ వెనక అంతా చదివాను, అందులో గింజలేవీ లేవు. రెండోది కూడా అదే కంపెనీ, అదే రంగు డబ్బా, అదే అయ్యుంటుందిలే అనుకున్నా. మధ్యాహ్నం ఒకావిడ ఆరేడేళ్ళ బాబుతో వచ్చి ‘వీటిలో బాదం జీడిపప్పు లాంటివి ఏమైనా ఉన్నాయామ్మా, మావాడికి పడవు’ అంది. ‘లేవండీ, ఇవ్వొచ్చు’ అన్నాను, ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. బాబు ముక్క తీసుకున్నాడు. ఆవిడ ఎందుకో టేబుల్ మీది డబ్బా తిప్పి చూసింది, చూస్తూనే బాబు చెయ్యి మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంది, ముక్క కింద పడిపోయింది. రెండో ఫ్లేవర్‌లో బాదం పొడి ఉంది. ఆవిడ నన్ను తిట్టలేదు, డబ్బా నా వైపు తిప్పి ఆ లైన్ మీద వేలు పెట్టి చూపించింది, బాబుని తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు మిగతా షిఫ్ట్ అంతా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అందుకని టేబుల్ మీద పెట్టే ప్రతి ఫ్లేవర్ వెనక లేబుల్ విడిగా చదవండి, ఖాళీ డబ్బాని లేబుల్ కనబడేలా పెట్టుకోండి, ఎవరైనా అడిగితే ‘ఉంది’, ‘లేదు’ అనకుండా డబ్బా వాళ్ళ చేతికే ఇచ్చి ‘ఇక్కడుందండీ, మీరే చూడండి’ అనండి. తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీ పదార్థాల లిస్టు అన్ని దేశాల్లో ఒకటి కాదు, యూరోపియన్ యూనియన్‌లో 14 ఉంటే అమెరికాలో 9, అందులో నువ్వులు చేరింది 2023లో. దిగుమతి సరుకు లేబుల్ మీద ఒకటి కనబడలేదంటే అది లేనట్టే అని మనం హామీ ఇచ్చేయకూడదు. రెండు రకాలకి ఒకే కత్తి వాడొద్దు. ఇంకోటి, శానిటైజర్ రాసుకుంటే చేతికంటిన వేరుశెనగ పోదు, దానికి సబ్బూ నీళ్ళే.

పిల్లలకి ఇచ్చేముందు పక్కనున్న పెద్దవాళ్ళని అడగాలి, పిల్లాడు ఎంత మారాం చేసినా సరే. ఐదేళ్ళలోపు వాళ్ళకి గింజలు అలాగే ఇవ్వకూడదు, ద్రాక్షపండు గుండ్రంగా ఉన్నదాన్ని ఇవ్వకూడదు, గొంతులో ఇరుక్కుంటుంది, నిలువుగా కోసి ఇవ్వాలి. తేనె ఉన్నది ఏదైనా ఏడాది లోపు పాపాయిలకి అసలే వద్దు, ‘కొంచెం నాలిక మీద రాస్తానండీ’ అనే తాతయ్యలు ఉంటారు, నవ్వుతూనే వద్దని చెప్పండి.

నోరు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి

‘శాంపిల్ కావాలాండీ’ అని అడిగారంటే ‘వద్దు’ అనే జవాబు మీరే అందించినట్టు. నేను మొదటి రోజు రోజంతా ఇదే అడిగా. తర్వాత మార్చాను. ట్రే కొంచెం ముందుకి చాపి, వస్తువు పేరూ ఒక్క విషయమూ చెప్తా, ‘కొత్త చీజ్ అండీ, కొంచెం మిరియాల ఘాటు’, అంతే. ఆగాలనుకున్నవాళ్ళు ఆగుతారు. చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉన్నవాళ్ళనీ, ఫోన్ మాట్లాడుతున్నవాళ్ళనీ, ఏడుస్తున్న పిల్లాడితో ఉన్నవాళ్ళనీ వదిలేయండి.

నోట్లో పెట్టుకున్నాక నోరు మూసుకోండి, వాళ్ళు కాదు, మీరు. ఐదారు సెకన్లు. కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు ఇక్కడే, అవతలి మనిషి నములుతుంటే విటమిన్లు, ఆఫర్లు, కంపెనీ చరిత్ర అంతా ఏకరువు పెడతారు, పాపం వాళ్ళకి రుచి తెలిసేలోపే విసుగొస్తుంది. మింగాక మొహం చూడండి. కనుబొమ్మలు కొంచెం లేచాయంటే అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న, ‘ఇంట్లో ఎవరికి నచ్చుతుందంటారు?’ లాంటిది. వాళ్ళు ‘మా పాపకి’ అనగానే వాళ్ళ బుర్రలో ఆ వస్తువు ఇంటికి చేరిపోయింది. అప్పుడు ప్యాకెట్ చూపించండి, చేత్తో, ‘ఇదిగో ఇదేనండీ, చిన్నదీ ఉంది పెద్దదీ ఉంది’. మొహం ముడుచుకున్నవాళ్ళకి అమ్మాలని చూడకండి, ‘ఏం నచ్చలేదండీ’ అని అడిగి రాసుకోండి, అదీ పనికొస్తుంది.

ఎన్ని రకాలు పెట్టాలి అనేదానికి ఒక పాత ప్రయోగం చెప్తారు. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలిఫోర్నియాలో ఒక గ్రాసరీ స్టోర్‌లో అచ్చం మనలాగే జామ్ టేబుల్ పెట్టించి చూశారు, 2000లో అచ్చయింది. 24 రకాలు పెట్టినప్పుడు అటుగా పోయేవాళ్ళలో 60 శాతం ఆగారు, 6 రకాలే పెట్టినప్పుడు 40 శాతం ఆగారు. కానీ ఆగినవాళ్ళలో కొన్నవాళ్ళు చూస్తే 24 ఉన్నప్పుడు 3 శాతం, 6 ఉన్నప్పుడు 30 శాతం. తర్వాత వేరేవాళ్ళు చేసిన ప్రయోగాల్లో అన్నిసార్లూ ఇలాగే రాలేదు, అది వేరే విషయం, కానీ టేబుల్ వెనక నిలబడ్డ నా అనుభవానికి మాత్రం ఇది సరిగ్గా అతుకుతుంది. కంపెనీ ఎనిమిది ఫ్లేవర్లు పంపినా నేను గంటకి రెండే తెరిచేదాన్ని అనుకోండి, మిగతావి అడిగితేనే.

మూడోసారి నాలుగోసారి వచ్చేవాళ్ళుంటారు, టోపీ తీసేసి కొత్త మనిషిలా వచ్చినాయన కూడా ఉన్నాడు. ఇచ్చేయండి. ఒక ముక్క కోసం మొహం మాడ్చుకుంటే పక్కన నిలబడి చూస్తున్న నలుగురూ వెనక్కి తగ్గుతారు. ఖాళీ టేబుల్ దగ్గరికి ఎవరూ రారు గానీ, ఒకరు నిలబడి తింటుంటే ఇంకో ఇద్దరు వాళ్ళంతట వాళ్ళే వస్తారు, ఆ టోపీ ఆయన మనకి ఆ రకంగా ఫ్రీ ప్రచారం.

స్టోర్ స్టాఫ్‌తో మంచిగా ఉండండి. బిల్లింగ్‌లో ఉన్నవాళ్ళకీ షెల్ఫులు సర్దేవాళ్ళకీ మేనేజర్ ఒప్పుకుంటే ముందే ఒక్కో కప్పు ఇచ్చి రండి, ‘అది బాగుందా’ అని కస్టమర్ అడిగేది వాళ్ళనే.

బ్రేక్, రిపోర్ట్, సర్దడం

బ్రేక్‌కి వెళ్తే తిండి మొత్తం మూతపెట్టి లోపల పెట్టండి, స్టవ్ ప్లగ్ తీయండి, కత్తి వెంట తీసుకెళ్ళండి లేదా లాక్ చేయండి. ‘రెండు నిమిషాల్లో వచ్చేస్తాగా’ అని వదిలేస్తే ఆ రెండు నిమిషాల్లోనే పిల్లలు వస్తారు. నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి, గొంతు పెంచి మాట్లాడొద్దు, పాటల స్పీకర్ నెత్తిమీదే ఉంటే మేనేజర్‌ని కొంచెం తగ్గించమని అడగండి, అరిచి అరిచి ఆదివారానికి గొంతు పోగొట్టుకోవడం కంటే అది నయం.

రిపోర్ట్‌లో ‘అందరికీ నచ్చింది’ అని రాయకండి, దాన్ని ఎవరూ చదవరు. ఎన్ని శాంపిల్స్ ఇచ్చాం, ఎన్ని ప్యాకెట్లు తగ్గాయి, ఏ గంటలో ఎక్కువ పోయాయి, జనం సొంత మాటల్లో ఏమన్నారు. ‘ఉప్పు ఎక్కువని తొమ్మిది మంది, మూత తీయడం రావట్లేదని నలుగురు’ అని రాస్తే, కంపెనీ వాళ్ళు అదే షీట్ కోసం మళ్ళీ మనల్నే పంపమంటారు. నంబర్లు పెంచి రాయాలనే బుద్ధి అందరికీ పుడుతుంది, ముఖ్యంగా వాన పడి ఎవరూ రాని రోజున. రాయొద్దు, స్టోర్ బిల్లింగ్ సిస్టమ్‌లో ఎన్ని అమ్ముడుపోయాయో వాళ్ళకి కనబడుతుంది, ఒక్కసారి పట్టుబడితే తర్వాత మంచిరోజు నిజం రాసినా నమ్మరు.

చివరి అరగంట కొత్త ప్యాకెట్ చింపకండి, ఉన్నవాటితోనే సరిపెట్టి క్లోజింగ్ స్టాక్ లెక్కపెట్టండి. మిగిలిన తెరిచిన సరుకు ఇంటికి తీసుకెళ్ళొచ్చా అన్నది స్టోర్‌ని బట్టి ఉంటుంది, అడక్కుండా బ్యాగ్‌లో వేసుకుంటే దొంగతనం కింద లెక్క, గేటు దగ్గర బ్యాగ్ చూసేటప్పుడు పరువు పోతుంది. టేబుల్ కింద నేల మీద జిడ్డు మరకలు ఉంటే అవి కూడా తుడవండి, ఎవరైనా జారితే ముందు మన పేరే వస్తుంది. తర్వాత షీట్ తీసుకుని మేనేజర్ దగ్గరికి వెళ్ళండి, ఆయన బిజీగా ఉంటాడు, ‘తర్వాత రా’ అంటాడు, పక్కనే నిలబడండి. సంతకం, టైమ్, స్టోర్ స్టాంపు, ఫోటో, అప్పుడు బూట్లు విప్పొచ్చు.